పికప్ ముక్కు లేపేముందు, తోక ఎందుకు లేచి ఉందో చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను ఉండేది టెక్సాస్‌లో ఫ్రిస్కో, పుట్టి పెరిగింది నరసరావుపేట పక్క పల్లె. మీ పేపరు ఇక్కడికి రాదు కాబట్టి రోజూ పొద్దున ఫోన్‌లోనే చదువుతాను, మా ఆవిడ రెండోసారి పిలిచేదాకా. పోయిన ఆదివారం వాహనాల పేజీలో, ఇక్కడి మనవాళ్లకి పికప్ ట్రక్కుల మీద పెరిగిన మోజు గురించి వ్యాసం వేశారు. మొదటి సగం బాగుంది. రెండో సగంలో లెవెలింగ్ కిట్ (పికప్ ముందు భాగాన్ని వెనకకి సమానంగా లేపే సామాను) గురించి రాసిన నాలుగు పేరాలు చదివాక మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. పికప్ ముందు భాగం వెనక కంటే కిందకి ఉండటం కంపెనీవాళ్లు చూసుకోక వదిలేసిన లోపం అన్నట్టు, 50 డాలర్ల కిట్ కొని రెండు గంటలు కష్టపడితే ఆ లోపం పోయి పెద్ద టైర్లు పట్టేస్తాయన్నట్టు రాశారు. ఆ పని చేయించుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. నా బండికి ఆ కిట్ ఇప్పటికీ ఉంది, కాబట్టి దాన్ని తిట్టడానికి రాయడం లేదు. కానీ మీ వ్యాసం చదివి శనివారం పొద్దున్నే జాకీ పట్టుకుని గ్యారేజీలోకి దిగే కుర్రాళ్లు ఉంటారు, వాళ్లకి చెప్పాల్సినవి చాలా వదిలేశారు.

ముందు ఆ ఎత్తు తేడా సంగతి. గుంటూరు మిర్చి యార్డు రోడ్డు మీద కాసేపు నిలబడితే ఎవరికైనా తెలిసిపోతుంది. టిక్కీలు దించేసి ఖాళీగా తిరిగి వెళ్లే బొలెరో పికప్ చూడండి, తోక లేపిన తొండలాగా వెనక భాగం పైకి ఉంటుంది. అదే బండి నిండుగా వచ్చేటప్పుడు సమానంగా ఉంటుంది (మనవాళ్లు నింపే నింపుడికి వెనక ఇంకా కిందకే పోతుంది, అది వేరే సంగతి). అమెరికా పికప్పులదీ అదే లెక్క. ముందు చక్రాలకి ఎక్కువగా కాయిల్ స్ప్రింగులు, వెనక చాలా బళ్లకి మన లారీల్లాగే కమాన్ కట్టలు. వెనక తొట్టిలో సరుకు వేసినా, కొక్కానికి ట్రైలర్ తగిలించినా వెనక భాగం దిగుతుంది, అలా దిగాక బండి సమానంగా నిలబడాలని ఖాళీగా ఉన్నప్పుడు ఒకటి రెండు అంగుళాలు ఎత్తుగా పెడతారు. నా ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌కి ఆ తేడా రెండంగుళాలకి కాస్త తక్కువ. ఇది లోపం అంటే, వరికుప్ప మోయడానికి వచ్చినవాడు భుజం మీద తువ్వాలు మడతపెట్టి వేసుకోవడం కూడా లోపమే.

మా నాన్న ఎడ్లబండికి పత్తి బోరేలు ఎక్కించేటప్పుడు ఊరికే వేసేవాడు కాదు. నాలుగు వేశాక కిందకి దిగి నొగ పట్టుకుని పైకీ కిందకీ ఆడించి చూసేవాడు. బరువు వెనక్కి ఎక్కువైతే నొగ పైకి లేచి ఎడ్ల మెడతాడు బిగుసుకుంటుంది, ముందుకి ఎక్కువైతే కాడి మెడ మీద కూర్చుంటుంది. కాస్త ముందుబరువు ఉండాలి, చాలా కాస్త. ట్రైలర్ వాళ్లు ఇక్కడ చెప్పేదీ అచ్చం అదే, ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడాలంటారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది, ఇంతదూరం వచ్చి నేర్చుకున్నది మా నాన్న నొగ లెక్కేనా అని.

ఇక కిట్ అంటే ఏమిటో. మీరు ఏదో పెద్ద యంత్రంలా రాశారు గానీ, నా బండిలో పెట్టింది అల్యూమినియం దిమ్మ ఒకటి అటు, ఒకటి ఇటు. ముందు షాకబ్జర్, స్ప్రింగు కలిసి ఒకే గొట్టంలా ఉంటాయి, దాని నెత్తిన మూడు నట్లు. ఆ నెత్తికీ బండి చట్రానికీ మధ్యలో ఆ దిమ్మ పెట్టి బిగిస్తారు. తమాషా ఏమిటంటే రెండంగుళాలు లేపడానికి దిమ్మ మందం దాదాపు ఒక అంగుళమే ఉంటుంది. షాకబ్జర్ కింది కొస చక్రం దగ్గర కాకుండా, చక్రాన్ని చట్రానికి కలిపే కింది ఆర్మ్ మధ్యలో ఎక్కడో తగులుతుంది కదా, అక్కడ అంగుళం కిందకి నెడితే చక్రం దగ్గర సుమారు రెండవుతుంది. ఇది తెలియక రెండంగుళాల మందం దిమ్మ తెప్పించుకున్నవాణ్ణి నేను చూశాను, నాలుగంగుళాలు లేవబోయి పై ఆర్మ్ స్ప్రింగుకి తగిలింది. షెవర్లే హెవీ డ్యూటీ బళ్లకైతే ఈ దిమ్మలు ఉండవు, ముందు టార్షన్ బార్లు, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు ఉంటాయి, కడ్డీ కొసని పట్టి ఉంచే కీ మార్చి దాన్ని ఇంకాస్త మెలితిప్పుతారు. అన్ని బళ్లకీ ఒకే పద్ధతి అన్నట్టు రాయడం ఒక పొరపాటు.

ఇంట్లో చేసుకునేవాళ్లకి ఒక్కటే గట్టిగా చెబుతాను. షాకబ్జర్ నెత్తి మీద పెట్టే దిమ్మకి స్ప్రింగు విప్పక్కర్లేదు. స్ప్రింగు లోపల పెట్టే రకం కిట్లు కూడా అమ్ముతారు, వాటికి స్ప్రింగుని నొక్కిపట్టి మధ్య నట్టు విప్పాలి. నొక్కి ఉన్న స్ప్రింగు జారితే చెయ్యి పోతుంది, మొహమూ పోవచ్చు. సరైన కంప్రెసర్ లేకపోతే దాని జోలికి పోవద్దు. ఇంకొకటి, పై ఆర్మ్‌ని చక్రం వైపు కలిపే బాల్ జాయింట్ విప్పినప్పుడు చక్రం మోసే భాగం మొత్తం బయటికి వాలుతుంది, పట్టుకోకపోతే చక్రానికి ఇంజను శక్తి అందించే ఇరుసు మీది సీవీ జాయింట్ లోపలినుంచి ఊడిపోతుంది, బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు సాగుతాయి. రెండు గంటల పని అని మీరు రాసింది లిఫ్ట్ ఉన్న షాపులో, రోజూ అదే చేసే మనిషికి. మా బావమరిది హ్యూస్టన్‌లో సొంతంగా చేసుకున్నాడు, పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టి రాత్రి భోజనాల వేళకి ఒక వైపు పూర్తిచేశాడు. రెండో వైపు త్వరగానే అయిందని చెప్పాడు, అంటే మర్నాడు మధ్యాహ్నానికి.

ఇప్పుడు అసలు విషయం, టైర్లు. కిట్ వేస్తేనే పెద్ద టైర్లు పడతాయి అని మీరు తేల్చేశారు. నాది 2019 మోడల్, కంపెనీ టైరు 275/65ఆర్18, అంటే ఎత్తు 32 అంగుళాల పైన కొంచెం. నేను వేయించింది 275/70ఆర్18, అది 33 అంగుళాల చిల్లర. కిట్ వేయించి, టైర్లు వేయించి, మురిసిపోయి, దీపావళికి ఒక మిత్రుడింటికి వెళ్తే ఆయన వాకిట్లో అదే మోడల్, అవే 275/70 టైర్లు, కిట్ లేదు! కంపెనీ రిమ్ములే. అడిగితే స్టీరింగు పూర్తిగా తిప్పి రివర్స్ చేస్తే మడ్‌ఫ్లాప్ అంచు కొద్దిగా రాసుకునేదట, ఆ అంచు అరంగుళం కోసేశాడట, అయిపోయింది. నేను ఆ రాత్రి లడ్డూ కూడా సరిగ్గా తినలేదు. టైరుకి చోటు కోసం అని చెప్పి నేను చేయించిన పని ఆ టైరుకి అవసరమే లేదన్నమాట. చూపు కోసం చేయించాను, అంతే, అది ఒప్పుకోవడానికి నాకు సిగ్గులేదు, కానీ మీ వ్యాసం ఈ రెంటినీ కలిపేసింది.

అందుకే ఎవరైనా నన్ను అడిగితే ముందు టైరు సైజు తేల్చుకో, రిమ్ము మారుస్తావా లేదా తేల్చుకో, షాపులో ఒక్క టైరు పెట్టించి స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి చూడు, ఆ తర్వాత ఎత్తు సంగతి మాట్లాడదాం అంటాను. రిమ్ము మాట ఎందుకంటే, చాలామందికి టైరు రాసుకునేది ఎత్తు చాలక కాదు, రిమ్ము బయటికి పొడుచుకొచ్చినందువల్ల. నా బండి కంపెనీ రిమ్ము ఆఫ్‌సెట్ (రిమ్ము బిగించే ముఖం దాని నడిమధ్య నుంచి ఎంత బయటి వైపుకి ఉందో చెప్పే కొలత, మిల్లీమీటర్లలో) +44. అది తీసేసి సున్నా ఆఫ్‌సెట్‌వి, మైనస్‌వి వేస్తే చక్రం బయటికి వస్తుంది, తిరిగేటప్పుడు పెద్ద వంపు తీసుకుంటుంది, ముందు బంపరు మూలకీ వెనక మడ్‌ఫ్లాప్‌కీ కొట్టుకుంటుంది. రిమ్ము బయటికి తెచ్చి, దానికోసం ఎత్తు లేపి, ఎత్తు చాలక ప్లాస్టిక్ కోసి... ఇది చెవిలో పువ్వు పెట్టుకోవడానికి చెవి కుట్టించుకోవడం లాంటిది.

ఇంకో మాట కూడా మీరు రాశారు, కిట్ వేస్తే నేలకీ బండికీ మధ్య ఖాళీ పెరిగి రాళ్ల దారుల్లో సుఖంగా వెళ్లొచ్చని. రెండంగుళాల కిట్ వేసినా వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గుండు కింద ఖాళీ ఒక్క మిల్లీమీటరు పెరగదు, అది చక్రాల మీద ఉంటుంది కాబట్టి. దాన్ని పెంచేది టైరొక్కటే, అదీ టైరు వ్యాసం ఎంత పెరిగితే అందులో సగం. నాకు పెరిగింది అరంగుళం పైన. ముందు బంపరు ఎత్తు పెరిగిన మాట నిజమే, ఫుట్‌పాత్ అంచుకి తగలడం లేదు.

50 డాలర్ల సంగతికొద్దాం. నాకు కిట్ 80 అయింది, మజూరీ 250, అలైన్‌మెంట్ 120, నాలుగు టైర్లు 1,150, స్పీడోమీటరు సరిచేసే పరికరం 150. ఊళ్లని బట్టి, షాపుల్ని బట్టి ఇవి మారతాయి, కానీ కిట్ ధర అందులో చివరి అంకె అనేది మారదు. అలైన్‌మెంట్ మాట మీ వ్యాసంలో ఎక్కడా లేదు. ముందు భాగం లేచిందంటే చక్రాల కోణాలన్నీ కదిలిపోయినట్టే. షాపువాడు వెంటనే చేయించమన్నాడు, నేను పనుల్లో పడి మూడు వారాలు వాయిదా వేశాను. వెయ్యి మైళ్లు తిరగకముందే కొత్త టైరు అంచు మీద చెయ్యి పెట్టి తడిమితే రంపపు పళ్లలా తగిలింది. ఆ రెండు టైర్లూ ఇప్పటికీ హైవే మీద హుమ్మని పాడుతుంటాయి, మా పిల్లలు దానికి పేరు కూడా పెట్టారు.

ఇప్పుడు నా కథ. 2022 వేసవిలో ఒక మిత్రుడి బోటుని టెక్సోమా చెరువుకి లాక్కెళ్లాం. బోటూ ట్రైలరూ కలిపి 4,500 పౌండ్లు ఉంటాయన్నాడు. బండిలో అయిదుగురం పెద్దవాళ్లం, వెనక తొట్టిలో రెండు పెద్ద ఐస్ పెట్టెలు, బిర్యానీ గిన్నె, కుర్చీలు, ఎందుకైనా మంచిదని ఒక గ్యాస్ పొయ్యి. మనవాళ్లు పిక్నిక్ అంటే సగం ఇల్లు మోసుకెళ్తారు కదా. బోటు కొక్కానికి తగిలించగానే వెనక దిగింది. కిట్ లేకపోతే అలా దిగి సమానమయ్యేది. నేను ముందుని ముందే లేపేశాను కాబట్టి ఇప్పుడు వెనక కిందకి, ముక్కు ఆకాశానికి. తిరుగు ప్రయాణం చీకటి పడ్డాక, 377 రోడ్డు, చాలాచోట్ల రెండే వరసలు. ఎదురొచ్చిన ప్రతివాడూ లైట్లు కొడుతున్నాడు. మొదటి ఇద్దరినీ చూసి మనవాళ్లేమో, బోటు చూసి పలకరిస్తున్నారేమో అనుకుని నేను కూడా తిరిగి కొట్టాను. నాలుగోవాడు పక్కనుంచి పోతూ హారన్ మీద చెయ్యి తీయలేదు. అప్పుడు వెలిగింది నా బుర్రలో, నావి డిమ్ములో ఉన్నా వాళ్ల కళ్లలోకే కొడుతున్నాయని. స్టీరింగు కూడా తేలికైపోయింది, 60 దాటితే ముందు చక్రాలు రోడ్డు మీద ఆనడం లేదేమో అన్నంత తేలిక. నొగ పైకి లేచిన బండిలో కూర్చున్నట్టు ఉంది. ఇంటికి 45 మైళ్ల వేగంతో వచ్చాను, వెనక ఇరవై కార్లు తిట్టుకుంటూ వచ్చాయి.

మర్నాడు కాగితం మీద లెక్క వేశాను. నా బండి ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 145 అంగుళాలు. ముందు మాత్రమే రెండంగుళాలు లేపితే, లైటు కిరణం 25 అడుగుల దూరంలో గోడ మీద నాలుగంగుళాలు పైకి పోతుంది, 100 అడుగుల దూరంలో 16 అంగుళాల పైన. లైటు తానే రెండంగుళాలు ఎత్తుకి వెళ్లిన సంగతి దీనికి అదనం, ట్రైలర్ బరువుకి వెనక దిగింది ఇంకా అదనం. చిన్న కారు నడిపేవాడి కళ్లు ఎక్కడుంటాయో మీరే చూసుకోండి. దీనికి మందు చాలా సులువు, కిట్ వేయకముందు రాత్రిపూట బండిని గోడకి 25 అడుగుల దూరంలో నిలిపి వెలుగు పై అంచు ఎక్కడుందో టేపు అంటించి గుర్తు పెట్టుకోవాలి, వేశాక లైటు వెనక స్క్రూ తిప్పి, లైటు ఎంత ఎత్తుకి లేచిందో అంత వదిలి, మళ్లీ అక్కడికి తేవాలి. పది నిమిషాల పని. నాకు ఎవరూ చెప్పలేదు, మీ వ్యాసమూ చెప్పలేదు. టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత వాహనాలకి సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు, మా కాలిన్ కౌంటీలో పొగ పరీక్ష ఒక్కటే మిగిలింది. కాబట్టి నీ లైట్లు ఎటు కొడుతున్నాయో చూసి చెప్పే మనిషి ఇప్పుడు ఎదురొచ్చేవాడొక్కడే.

అదే రోజు డ్రైవరు తలుపు తెరిచి, పక్క స్తంభం మీద ఉండే పసుపు గీత స్టిక్కరు మొదటిసారి చదివాను. మనుషులూ సామానూ కలిపి 1,640 పౌండ్లు మించకూడదు అని ఉంది. మేం అయిదుగురం 850 అనుకోండి, ఐస్ పెట్టెలూ బిర్యానీ వగైరా 200, కొక్కెం మీద పడిన బరువు తక్కువలో తక్కువ 450. మొత్తం 1,500. బండి 13,000 పౌండ్లు లాగుతుందని టీవీలో చూపిస్తారు గానీ ఈ స్టిక్కరు చూపించరు. కిట్ వేసినా, ఎక్కువ బరువు మోసే 10 ప్లై టైర్లు వేసినా, వెనక గాలి సంచులు పెట్టినా ఆ అంకె మారదు. గాలి సంచులు నేను తర్వాత పెట్టించాను, కమాన్ కట్టకీ చట్రానికీ మధ్యలో ఉంటాయి, బరువు వేసినప్పుడు గాలి కొడితే వెనక లేచి సమానమవుతుంది. అంటే ముందు లేపడానికి ఒకసారి, బరువుకి దిగిన వెనకని లేపడానికి ఇంకోసారి డబ్బులు పెట్టాను. మా ఆవిడకి ఈ వాక్యం చదివి వినిపించొద్దని మనవి.

మైలేజీ తగ్గదని రాశారు. నాకు గ్యాలనుకి 19.5 వచ్చేది, తర్వాత 17.5 చూపించింది. ఇందులో ఒక చిన్న మోసం ఉంది, పెద్ద టైరు ఒక చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది కానీ బండికి ఆ సంగతి తెలియదు, పాత టైరు లెక్కలోనే మైళ్లు కొలుస్తుంది. నా టైర్లకి తేడా మూడున్నర శాతం దాకా ఉంటుంది, అంటే అసలు మైలేజీ 18 పైన. స్పీడూ అంతే, 70 చూపిస్తుంటే 72 దాటి పోతున్నట్టు. 35 అంగుళాల టైరు వేస్తే, అంటే 285/75ఆర్18 లాంటిది, 70 చూపించినప్పుడు 76 మీద ఉంటావు, పోలీసువాడికి టైరు సైజు లెక్కలు చెప్పి చూడు. మిగతా మైలేజీ పోయింది బరువుకి. కొత్త టైరు ఒక్కొక్కటి పాతదానికంటే పది పన్నెండు పౌండ్లు ఎక్కువ, అది తిరిగే బరువు, కదిలించేటప్పుడు ఇంజనుకీ ఆపేటప్పుడు బ్రేకుకీ భారమే. బోటు లేకుండానే బ్రేకు తొక్కినప్పుడు ఆ తేడా కాలికి తెలుస్తుంది.

గాలి విషయంలో కూడా జాగ్రత్త. తలుపు మీద 35 అని ఉంటుంది, అది కంపెనీ టైరుకి. నేను వేయించిన ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం టైరుకి అదే బరువు మోయడానికి అంతకంటే ఎక్కువ గాలి కావాలి, టైరు మీద రాసిన 80 మాత్రం గరిష్ఠ బరువుకి. మా షాపు కుర్రాడు 70 కొట్టి పంపాడు, ఇంటికొచ్చేసరికి నడుం పట్టేసింది, రాళ్ల గుట్ట మీద తోపుడుబండి తోసుకొచ్చినట్టు. టైరు కంపెనీ ఇచ్చే లోడ్ పట్టిక చూసి పెట్టుకోవాలి, నేను 42లో ఉంచుతున్నాను. స్పేర్ టైరు సంగతీ మీరు ముట్టుకోలేదు. నాలుగూ 33 అయి, కింద వేలాడేది పాత 32 అయితే, పంక్చర్ అయిన రోజున దాన్ని వెనక ఒక పక్కకి వేసి ఫోర్ వీల్‌లో పెట్టి నడపకూడదు, ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు పాడవుతుంది. అయిదో టైరు కూడా కొనాలి. 1,150 కి అది కలపలేదు నేను.

వారంటీ గురించి ఒక ముక్క, ఎందుకంటే దీని మీద మనవాళ్లలో రెండు రకాల పుకార్లు తిరుగుతుంటాయి. కిట్ వేస్తే వారంటీ మొత్తం పోతుందని ఒకటి, ఏమీ కాదని ఒకటి. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి భాగం పెట్టావన్న కారణంతో మొత్తం వారంటీ తీసేయడానికి లేదు, ఆ భాగం వల్లే ఇది పాడైంది అని వాళ్లు చూపించాలి. ఇంజను పోతే దిమ్మ పేరు చెప్పలేరు. సీవీ జాయింట్ మీది రబ్బరు బూటు చిరిగితే మాత్రం చెప్పగలరు. నాకు చెప్పారు కూడా, ఏ డీలరో పేరు రాయను, వాళ్ల వాదన పూర్తిగా తప్పని కూడా అనలేను.

ముక్కు పైకి, వెనక కిందకి ఉన్న బళ్లని కావాలనే అలా చేసి తిప్పేవాళ్లున్నారు ఇక్కడ, కరొలినా స్క్వాట్ అంటారు. నార్త్ కరొలినాలో 2021 డిసెంబరు నుంచి అది నిషేధం, ముందు ఫెండరు వెనకదానికంటే నాలుగంగుళాలు లేక ఆపైన ఎత్తు ఉండకూడదు. తర్వాత వర్జీనియా, సౌత్ కరొలినా కూడా అదే దారి పట్టాయి. ఆ రాత్రి టెక్సోమా రోడ్డు మీద నా బండి ఆ నాలుగంగుళాలకి ఎంత దూరంలో ఉందో కొలవలేదు, కొలిచి ఉంటే బాగుండేది.

చివరిగా మన ఊళ్ల సంగతి, మీ పాఠకుల్లో ఎక్కువమంది అక్కడే కదా. మీ వ్యాసం వచ్చిన రోజే గుంటూరు నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడి దగ్గర శ్రీసిటీలో తయారైన ఇసుజు వి-క్రాస్ ఉంది. "మామయ్యా, నీ బండికి వేసినట్టు నాకూ రెండంగుళాల కిట్ వేయించి 33 టైర్లు ఎక్కిద్దామా" అని. ఒరే, ఇక్కడి చట్టం వేరు, అక్కడిది వేరు అన్నాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన అసలు కొలతలకి విరుద్ధంగా బండిని మార్చడానికి వీల్లేదని తీర్పిచ్చింది. రేపు ఏదైనా జరిగితే బీమావాళ్లు మొదట చూసేది ఆర్‌సీలో ఉన్న బండీ రోడ్డు మీద ఉన్న బండీ ఒకటేనా అని. వాడు వెంటనే "మరి పేపర్లో వేశారుగా" అన్నాడు. చూశారా, మీరు వేస్తే వాళ్లకి అది అనుమతిపత్రం. అమెరికా సంగతి రాసినప్పుడు పక్కనే ఒక చిన్న పెట్టెలో మన దేశంలో చట్టం ఇదీ అని వేస్తే ఏం పోయింది?

మళ్లీ కొత్త బండి కొంటే చేయిస్తావా అని మీరు అడగొచ్చు. బోటు లాగే ఉద్దేశం ఉంటే చేయించను. ఆఫీసుకీ, కాస్ట్‌కోకీ, వారానికోసారి గుడికీ తిరిగే బండి అయితే చేయిస్తానేమో, సమానంగా నిలబడ్డ పికప్ చూడముచ్చటగా ఉంటుంది, దాని ముందు ఎంత లెక్క చెప్పినా మనసు వినదు. స్పీడుబ్రేకరు దిగేటప్పుడు ముందు చక్రం కిందకి జారే జాగా తగ్గి ఠప్పుమంటుంది, దానికి అలవాటుపడిపోయాను.

ఒక సవరణ మాత్రం తప్పకుండా వేయండి. వ్యాసం పక్కన వేసిన ఎర్ర బండి ఫొటో లెవెలింగ్ చేసినది కాదు. దానికి ముందూ వెనకా రెండూ లేపే లిఫ్ట్ కిట్ ఉంది, కనీసం ఆరంగుళాలది, వెనక ఇరుసు మీద దిమ్మలు ఫొటోలోనే కనిపిస్తున్నాయి, టైర్లు 37 దాకా ఉంటాయి. 50 డాలర్లకి బండి అలా అవుతుందనుకుని మా మేనల్లుడు ఆ ఫొటోనే నాకు పంపాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఫ్రిస్కో, టెక్సాస్